అడయారు తీరాన తెరుచుకున్న తలుపులు

విద్యాసంస్థల ఉత్సవ సంచికలలో భవనాల ఛాయాచిత్రాలకు ప్రత్యేక స్థానం ఉంటుంది. పునాదిరాయి వేసిన తేదీ, గదుల సంఖ్య, దాతల పేర్లు శ్రద్ధగా నమోదవుతాయి. అయితే ఒక భవనం చరిత్రను చదవడానికి మరొక మార్గం కూడా కలదు. దాని తలుపులు ఏ సంవత్సరంలో ఎవరి కోసం తెరుచుకున్నవో పరిశీలించడమే ఆ మార్గం. ఆ విధంగా చదువదగిన భవనాలలో చెన్నై నగరాన, అడయారు నది బంగాళాఖాతంలో కలిసే చోట నిలిచి ఉన్న దివ్యజ్ఞాన సమాజ ప్రధాన కార్యాలయం ఒకటి. సముద్రానికి దూరంగా, మూడు వైపులా ఆంధ్రదేశం ఆవరించిన పావగడ సీమలోని తెలుగు పాఠకులకు ఆ భవనంతో ఏమి సంబంధమని అనిపించవచ్చును. ఆ కథలో తెలుగువారి పాత్ర చాల ఉన్నది. పాఠశాలల పాత్ర అంతకంటె ఎక్కువగా ఉన్నది.

లాడ్జి అనే మాట

నేడు లాడ్జి అనగానే బస్టాండు ఎదుట ఉండే వసతి గృహం గుర్తుకు వస్తుంది. ఆ మాటకు పూర్వచరిత్ర వేరు. మధ్యయుగాలలో ఐరోపా ఖండంలో పెద్ద పెద్ద చర్చీలను నిర్మించే రాతిపనివారు పని స్థలం ప్రక్కనే ఒక పాక వేసుకునేవారు. పనిముట్లు దాచుకోవడం, భోజనం చేయడం, వృత్తి రహస్యాలు మాట్లాడుకోవడం అందులోనే జరిగేవి. ఆ పాక పేరే లాడ్జి. కాలక్రమాన రాతిపనితో సంబంధం లేని పెద్దమనుషులు కూడ అటువంటి సోదర సంఘాలలో చేరి ఫ్రీమేసన్లు అని పిలువబడ్డారు. ఆంగ్లేయులతోపాటు ఆ సంఘాలు మన దేశపు రేవుపట్టణాలకు వచ్చాయి. మద్రాసులో 1752 నాటికే ఒక లాడ్జి ఏర్పడింది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి, కుతుబ్‌షాహీ ప్రభువుల కాలపు కట్టడం, 1872లో ఫ్రీమేసన్లకు ఇవ్వబడింది.

మూసిన తలుపుల వెనుక ఏమి జరుగుతుందో తెలియక సామాన్యులు ఇటువంటి మందిరాలను చాలచోట్ల 'జాదూఘర్' అని పిలిచేవారు. సోదరభావమే వారి ఆదర్శమైనప్పటికీ ప్రవేశం అందరికీ సులభం కాలేదు. స్త్రీలకు స్థానం లేదు. కలకత్తాలో ప్రసన్నకుమార దత్తు అనే హిందువు 1863లో ప్రవేశం కోరగా, అనేక వాదోపవాదాల పిదప 1872లో మాత్రమే ఆయనను చేర్చుకున్నారు. అనగా సోదరులు కావడానికి ఆయన తొమ్మిది సంవత్సరాలు గుమ్మం వెలుపల నిరీక్షించవలసి వచ్చింది.

దివ్యజ్ఞాన సమాజం 1875 నవంబరు 17న న్యూయార్కులో ప్రారంభమైంది. దాని మొదటి అధ్యక్షుడు కర్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్ స్వయంగా ఫ్రీమేసన్. తొలినాళ్ళలో ఈ సమాజానికి కూడ రహస్య సంకేతాలు ఉండేవి. శాఖలను లాడ్జీలని పిలిచే అలవాటు నేటికీ ఉన్నది. కాని దాని మొదటి ఆశయం వేరొక దారి చూపింది. జాతి, మతం, స్త్రీపురుష భేదం, కులం, వర్ణం అనే విచక్షణ లేకుండా విశ్వమానవ సౌభ్రాతృత్వానికి ఒక కేంద్రాన్ని ఏర్పరచడమే ఆ ఆశయం. ఈ వాక్యాన్ని వ్రాయడం సులభం. దానిని ఒక ఇంటిలో, ఒక ఊరిలో ఆచరించడం ఎంత కష్టమో అడయారు చరిత్ర తెలుపుతుంది.

కాలువ మీద పడవ ప్రయాణం

ఆల్కాట్, ఆయన సహచరి మేడమ్ బ్లావట్‌స్కీ 1879 ఫిబ్రవరిలో బొంబాయి చేరారు. వారిని మద్రాసు వైపు ఆకర్షించిన వారిలో ముఖ్యుడు తల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1856లో కాకినాడలో జన్మించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి న్యాయవాది అయ్యారు. వేదాంత విషయాలపై బ్లావట్‌స్కీతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపిన ఈ తెలుగు యువకుడికి అప్పటికి ఇరవై ఆరేండ్లు కూడ నిండలేదు. 1882 ఏప్రిలులో ఇరువురూ మద్రాసు వచ్చారు. మే నెలలో బకింగ్‌హాం కాలువ మీద ఉత్తర దిశగా బయలుదేరి నెల్లూరు, గుంటూరు పట్టణాలను దర్శించారు. కాలువలో పడవ నడిచినంత దూరం పడవలోను, ఆ తరువాత పల్లకీలలోను సాగిన ఆ వేసవి ప్రయాణంలో తెలుగు పట్టణాల విద్యావంతులు వారికి స్వాగతం పలికారు.

తిరిగి మద్రాసు చేరిన పిదప, మే 31వ తేదీన అడయారు నది దక్షిణపు ఒడ్డున అమ్మకానికి ఉన్న హడల్‌స్టన్ తోట అనే బంగళాను మిత్రులు వారికి చూపించారు. ఇరవై ఏడు ఎకరాల తోట, నది వైపు తెరుచుకున్న వసారాలు, సమీపంలోనే సముద్రం. అడిగిన ధర తొమ్మిది వేల రూపాయల పైచిలుకు మాత్రమే. అంత చవుకగా రావడానికి ఒక కారణమున్నది. నీలగిరి కొండల పాదం వరకు రైలు మార్గం పడిన తరువాత ఆంగ్ల అధికారులు వేసవిలో ఉదకమండలం వెళ్ళసాగారు. మద్రాసులోని పెద్ద బంగళాలకు అద్దెకుండే వారు కరవై వాటి ధరలు పడిపోయాయి. మద్రాసు మిత్రులు కొంత సొమ్ము ముందుగా సమకూర్చి, కొంత అప్పు ఇప్పించి కొనుగోలును సాధ్యం చేశారు. 1882 డిసెంబరు 19న సమాజం ఆ ఇంటిలో ప్రవేశించింది.

మూసిన గది

ఆ భవనం మొదటి కీర్తి దాని మేడమీది ఒక చిన్న గది వలన వచ్చింది. బ్లావట్‌స్కీ నివాసానికి ఆనుకొని ఉన్న ఆ గదిలో గోడకు ఒక చెక్క మందసం ఉండేది. దానిలో ఉంచిన ఉత్తరాలకు హిమాలయాలలోని మహాత్ముల నుండి జవాబులు వస్తాయని శిష్యులు నమ్మేవారు. దూరప్రాంతాల నుండి మనుషులు ఆ అద్భుతం చూడడానికి వచ్చేవారు. 1884 సెప్టెంబరులో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రిక కొన్ని లేఖలను ప్రకటించింది. ఆ ఇంటిలో పనిచేసి వెళ్ళగొట్టబడిన కూలోంబ్ దంపతులు వాటిని అందజేశారు. అద్భుతాలన్నీ కల్పితాలని ఆ లేఖల తాత్పర్యం. లండనులోని మానసిక పరిశోధన సంఘం పంపిన రిచర్డ్ హాడ్జ్‌సన్ అడయారులో విచారణ జరిపి, 1885 నివేదికలో బ్లావట్‌స్కీని మోసగత్తెగా నిర్ణయించారు. ఆ లేఖలు కూటసృష్టి అని ఆమె అనుయాయులు వాదించారు. ఒక శతాబ్దం గడిచిన తరువాత, 1986లో, అదే సంఘానికి చెందిన వెర్నన్ హారిసన్ హాడ్జ్‌సన్ విచారణలోని లోపాలను ఎత్తి చూపారు. వివాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు. అనారోగ్యంతో బ్లావట్‌స్కీ 1885 మార్చి చివర మద్రాసు విడిచి వెళ్ళి, మరల తిరిగి రాకుండానే 1891లో లండనులో మరణించారు.

నమ్మినవారికైనను, నమ్మనివారికైనను ఈ ఘట్టం ఒక పాఠం నేర్పింది. కొందరికి మాత్రమే తెరుచుకునే గది మీద ఒక సంస్థ గౌరవం ఆధారపడితే, ఒక్క పత్రికా సంచిక దానిని కదిలించగలదు.

తెరిచిన గ్రంథాలయం

ఆ తుఫాను వెలిసిన వెంటనే ఆల్కాట్ ఒక గ్రంథాలయం తలపెట్టారు. 1886 డిసెంబరులో అడయారు గ్రంథాలయం ప్రారంభమైంది. ప్రారంభోత్సవంలో వివిధ మతాల పండితులు ఒకే వేదిక మీద తమ తమ ప్రార్థనలు పఠించారు. ఆల్కాట్ సొంత పుస్తకాలతో మొదలైన ఆ సేకరణ నేడు రెండు లక్షలకు పైగా గ్రంథాలు, వేలాది తాళపత్ర ప్రతులు గల విద్యానిధిగా పెరిగింది. సంస్కృత గ్రంథాల పరిష్కరణలో దాని ప్రచురణలకు పండితలోకంలో గౌరవస్థానం ఉన్నది. ఆ డిసెంబరు సమావేశాలలోనే సుబ్బారావు భగవద్గీత మీద నాలుగు ఉపన్యాసాలు ఇచ్చారు. అవి తరువాత గ్రంథరూపం పొందాయి. సిద్ధాంత విషయాలలో బ్లావట్‌స్కీతో భేదించడానికి కూడ ఆయన వెనుదీయలేదు. 1890 జూనులో ముప్పై నాలుగవ ఏడు నిండకుండానే ఆ మేధావి అస్తమించడం తెలుగు జాతికి తీరని లోటు.

భవనం మధ్యభాగంలోని విశాలమైన సభామందిరంలో వివిధ మతాల ప్రవర్తకుల శిల్పాలను, చిహ్నాలను గోడల మీద నిలిపారు. తోటలో హిందూ దేవాలయం, బౌద్ధ మందిరం, క్రైస్తవ చర్చి, మసీదు, జొరాస్ట్రియన్ మందిరం, సిక్కు గురుద్వారా ఒక్కొక్కటిగా వెలిశాయి. 'సత్యాన్నాస్తి పరో ధర్మః' అన్నది సమాజపు ధ్యేయవాక్యం.

పంచమ పాఠశాల

గోడల మీద అన్ని మతాలు కలిశాయి. గోడల వెలుపల ఊరిలో కులాలు కలియలేదు. అప్పటి మద్రాసు రాజధానిలో అస్పృశ్యులుగా ఎంచబడిన వారిని ప్రభుత్వ పత్రాలలో పంచములని వ్రాసేవారు. వారి పిల్లలకు ఊరి బడిలో చోటు ఉండేది కాదు. అడయారు చుట్టుప్రక్కల చేరీలలోని ఈ పిల్లల కోసం 1894లో ఆల్కాట్ ఒక ఉచిత పాఠశాల స్థాపించారు. చదవడం, వ్రాయడం, లెక్కలు, జీవితానికి అవసరమైన మరికొన్ని విద్యలు అందులో నేర్పబడేవి. ఆటపాటలతో బోధించే కిండర్‌గార్టెన్ పద్ధతి మన దేశంలో ఇంకను అరుదుగా ఉన్న రోజులలో ఆ పేద పిల్లల బడిలో అది ప్రవేశించింది. తరువాతి సంవత్సరాలలో మద్రాసులో అటువంటి మరికొన్ని పాఠశాలలు ఆయన ఆధ్వర్యంలో నడిచాయి. ఆల్కాట్ స్వయంగా బౌద్ధం స్వీకరించినప్పటికీ ఆ బడులను మతప్రచారానికి సాధనంగా చేయలేదు. 1907 ఫిబ్రవరి 17న అడయారులోనే ఆయన కన్నుమూశారు. మేడమీది గది వలన వచ్చిన కీర్తి వాదవివాదాలలో చిక్కుకున్నది. ఆ పూరి బడి వలన వచ్చిన కీర్తిని ఎవరును ప్రశ్నించలేదు.

అయితే చరిత్రలో మెచ్చుకోలు మాత్రమే వ్రాస్తే అది చరిత్ర కానేరదు. ఈ బడి పంచముల కోసం వేరుగా పెట్టిన బడి. అందరి పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే బడి కాదు. ఆల్కాట్ తరువాత అధ్యక్షురాలైన అన్నీబిసెంట్ 1909లో ఒక వ్యాసంలో, అణగారిన వర్గాల పిల్లలను శుభ్రమైన అలవాట్లు ఏర్పడేదాకా ఇతర పిల్లలతో కలిపి కూర్చోబెట్టరాదన్న అభిప్రాయం ప్రకటించారు. డాక్టర్ అంబేద్కర్ 1945లో ప్రచురించిన తమ గ్రంథంలో ఆ వ్యాసాన్ని ఉదహరించి, ఆ ధోరణిని తీవ్రంగా ఎత్తి చూపారు. కుల విచక్షణ లేని సౌభ్రాతృత్వం అని మొదటి ఆశయంగా వ్రాసుకున్న సంస్థలోనే ఈ సంకోచం ఉండినది. పిల్లవాని మురికికి కారణం వాని పుట్టుక కాదని, నీటికి వానిని దూరం చేసిన ఊరేనని గ్రహించడానికి మహామహులకు సైతం కాలం పట్టింది. తలుపు తెరవడం ఒక మెట్టు. లోపలికి వచ్చిన వానిని ప్రక్కన కూర్చోబెట్టుకోవడం మరొక మెట్టు. ఈ రెండవ మెట్టు ఎక్కడం ఏ కాలంలోనైనను, ఏ పాఠశాలలోనైనను సులభమైన పని కాదు.

మదనపల్లె నుండి వచ్చిన బాలుడు

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యం కూడ ఈ తోటతో ముడిపడి ఉన్నది. రెవిన్యూ శాఖలో ఉద్యోగ విరమణ చేసిన తండ్రి నారాయణయ్య 1909లో సమాజపు కొలువులో చేరి, తల్లిలేని కుమారులతో తోట వెలుపల ఒక చిన్న ఇంటిలో కాపురం పెట్టారు. బడిలో మందబుద్ధిగా పేరుపడి, ఉపాధ్యాయుని చేత దెబ్బలు తినే ఆ బాలుని అడయారు సముద్రతీరాన లెడ్‌బీటర్ చూచి, ఇతడు జగద్గురువు కాగలడని ప్రకటించారు. పిల్లల సంరక్షణ విషయమై తండ్రి 1912లో దావా వేశారు. మద్రాసు హైకోర్టులో తండ్రి గెలువగా, 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. చివరకు 1929 ఆగస్టు 3న కృష్ణమూర్తి తన కోసం ఏర్పడిన సంఘాన్ని తానే రద్దు చేసి, గురుపీఠాన్ని నిరాకరించారు. ఆ తరువాత దూరమైన అడయారు తోటలో ఆయన మరల అడుగుపెట్టినది 1980 డిసెంబరులో, ఎనభై ఐదేండ్ల వయస్సులో. ఆయనను ఆ గేటు వద్ద ఎదుర్కొన్నవారు నాటి అధ్యక్షురాలు రాధా బర్నియర్. తెరిచిన తలుపు అంటే వెళ్ళిపోయిన వానికి తిరిగి రావడానికి కూడ వీలున్న తలుపు. మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ పాఠశాల ఆయన విద్యాదృష్టికి నేటికీ సాక్షిగా ఉన్నది.

తీరం నుండి మెట్టసీమకు

అన్నీబిసెంట్ కాలంలో అడయారు భవనం దేశరాజకీయాలకు కూడ కేంద్రమైంది. 1916లో హోంరూల్ లీగు స్థాపన, 1917 జూనులో ఆమె నిర్బంధం, ఆ సంవత్సరాంతాన కలకత్తా కాంగ్రెసు అధ్యక్షపదవి సుప్రసిద్ధాలు. మన సీమ వారికి అంతకంటె దగ్గరి విషయం ఆమె విద్యాకృషి. ఆమె ప్రేరణతో 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు అక్కడ విడిది చేసి 'జనగణమన' గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ కళాశాలలో ఉన్న మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను వ్రాసి పెట్టారు. ప్రతి ఉదయం పాఠశాల ప్రార్థనలో నిలబడే పిల్లలు ఆ గీతానికి మెట్టసీమలోని ఒక చిన్న పట్టణంతో ఉన్న ఈ అనుబంధాన్ని తెలుసుకొనడం మంచిది.

బెంగళూరు బసవనగుడిలో 1917లో స్థాపితమైన నేషనల్ హైస్కూలు కూడ ఆమె జాతీయ విద్యోద్యమ ఫలమే. పావగడకు పొరుగున ఉన్న గౌరీబిదనూరు తాలూకా హోసూరులో, తెలుగు మాట్లాడే పేద కుటుంబంలో 1920లో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య చదువు కోసం కాలినడకన బెంగళూరు చేరి ఆ పాఠశాలలో చేరారు. తరువాత ఆయన నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాలుగాను, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగాను పనిచేశారు. 2005లో మరణించేదాకా అతి నిరాడంబరంగా జీవించి, గౌరీబిదనూరు, బాగేపల్లి వంటి వెనుకబడిన చోట్ల విద్యాసంస్థలు నెలకొల్పారు. అడయారులో వెలిగించిన దీపం ఒక పల్లె బాలుని చేతికి చేరి, మరల పల్లెలకే తిరిగి వచ్చిన వైనం ఇది.

ఉపాధ్యాయ లోకానికి మరువరాని మరొక సంవత్సరం 1939. ఆ నవంబరులో మేరియా మాంటిస్సోరి అడయారు వచ్చి, సుమారు మూడు వందల మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలో చేరడంతో ఇటలీ దేశస్థురాలైన ఆమె రాకపోకలపై ఆంగ్ల ప్రభుత్వం ఆంక్షలు విధించింది. కుమారుని నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున, ఆగస్టు 31న, అతనిని విడుదల చేశారు. కొద్ది నెలల కోసం వచ్చిన ఆమె 1946 వరకు ఇక్కడనే ఉండిపోయారు. చిన్నతరగతులలో పూసలు, చెక్కముక్కలు, గరుకు అక్షరాలు పట్టుకొని నేర్చుకునే పిల్లలు మన దేశంలో ఎక్కడ కనబడినను, ఆ అడయారు తరగతుల ప్రభావం అక్కడ కొంత ఉన్నదని చెప్పవచ్చును.

మ్రాను కూలినను

అడయారు తోట నేడు రెండు వందల యాభై ఎకరాల మేరకు విస్తరించి ఉన్నది. నగరం నలువైపులా పెరిగినను ఆ తోటలో పక్షుల కిలకిలలు వినబడుతున్నవి. సుమారు నాలుగున్నర శతాబ్దాల వయస్సుగల మర్రిచెట్టు ఆ తోటకు ప్రసిద్ధి తెచ్చింది. దాని నీడలో వేలాది జనం కూర్చుని ఉపన్యాసాలు వినేవారు. 1989లో వచ్చిన గాలివానకు దాని మొదటి మ్రాను కూలిపోయింది. చెట్టు మాత్రం చావలేదు. కొమ్మల నుండి దిగి నేలలో నాటుకున్న ఊడలు ఒక్కొక్కటి మ్రానై దానిని నిలబెట్టాయి. ఆల్కాట్ బడి కూడ అటువంటి ఊడయే. ఆయన పేరు మీద పెరిగి, ఉన్నత పాఠశాలగా మారి, తీరప్రాంతపు పేద పిల్లలకు ఉచితంగా విద్య నేర్పుతూ వచ్చింది.

డెబ్బై ఐదేండ్లు నిండిన ఏ పాఠశాలకైనను తొలి ఉపాధ్యాయులు, తొలి దాతలు మొదటి మ్రాను వంటివారు. వారు కాలధర్మం చెందుతారు. పూర్వ విద్యార్థులు ఊడలై నిలబడితేనే నీడ నిలుస్తుంది. అడయారు భవనం మనకు మిగిల్చిన ప్రశ్న కూడ ఒకటున్నది. ఉత్సవం ముగిసి, తోరణాలు విప్పిన మరునాటి ఉదయం బడి గంట మ్రోగినప్పుడు, ఇంకను గుమ్మం వెలుపల నిలబడి ఉన్న పిల్లవాడు ఎవరు? లోపలికి వచ్చినను చివరి వరుసలో ఒంటరిగా కూర్చున్న పిల్ల ఎవరు? ఆ ఇద్దరినీ గుర్తించి, ముందు బల్ల మీద చోటు చూపడమే ఏ విద్యాలయమైనను జరుపుకొనదగిన నిజమైన ఉత్సవం.